మెడ మీద మెడ

నా మెడలో గడ్డ వాచినందుకు లాలి చిన్నత్త పళ్ళు పీకాలని మా తండా నిర్ణయించింది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను, గొంతు చించుకుని మరీ అడిగాను. వాచిన గొంతు చించుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

నా పేరు సోని. ఆర్టీసీలో కండక్టర్ని. కొత్తగూడెం నుంచి జూలూరుపాడు మీదుగా ఖమ్మం పోయే బస్సులో డ్యూటీ. డిపోలో నన్ను నోరున్న మనిషి అంటారు. నోరు లేకపోతే ఈ రూట్‌లో బస్సు కదలదు. ఆడవాళ్ళకు టికెట్ ఫ్రీ అయినప్పటి నుంచి లోపల కాలు పెట్టే సందు ఉండదు. ఎవరు దగ్గినా నా మొహం మీదే దగ్గాలి. మొన్న చలికాలంలో అట్లాగే నాకూ జ్వరం, జలుబు తగులుకున్నాయి. మంచం పట్టాను, లేచాను, మళ్ళీ డ్యూటీ ఎక్కాను. జ్వరమన్నాక వస్తుంది, పోతుంది అనుకుని దాని సంగతే మర్చిపోయాను.

మా తండా జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉంటుంది. ఇటు మిరప చేలు, అటు టేకు చెట్లు. నా మొగుడు జైరాం ట్రాక్టర్ మెకానిక్. మా భాను మూడో తరగతి. నేను డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఆ పిల్ల గెంతి నా మెడకు వేలాడేది, అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు. ఇక మా అత్త కమ్లి. ఆమె గురించి చెడ్డగా చెప్పాలని నాకు లేదు. నేను ఉద్యోగానికి పోతానంటే మొగుడి కన్నా ముందు సరేనన్నది ఆమే. నా టిఫిన్ డబ్బాలో రొట్టె చల్లారిందని రెండోసారి కాల్చి పెట్టే మనిషి. జరిగిందంతా నా మీద ప్రేమతోనే జరిగింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే.

మా లంబాడీ ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. చాన్నాళ్ళకు కలిసినా, చావు జరిగాక కలిసినా, ఒకరి మెడ మీద ఒకరం మెడ వేసి రాగం తీసి ఏడుస్తాం. ముందు కుడి వైపు, తర్వాత ఎడమ వైపు. కష్టం, సుఖం, ఎవరు ఏమన్నారు, ఎవరు అన్నం పెట్టలేదు, అంతా ఆ ఏడుపులోనే చెప్పుకుంటాం. అట్లా ఏడుస్తున్న ఇద్దరినీ ఎవరూ విడదీయకూడదు. తండా నాయక్ అయినా సరే, ఏడుపు తీరేదాకా పక్కన నిలబడాల్సిందే. బస్టాండులో ఇట్లా ఏడుస్తున్న ముసలమ్మల కోసం నా బస్సు ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి నన్ను తిట్టేవాడు. నేను మాత్రం వాళ్ళ భుజం మీద ఎన్నడూ చెయ్యి వేయలేదు.

లాలి చిన్నత్త మా మామ తమ్ముడి భార్య. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. తండా చివర ఒక్క గదిలో ఉంటుంది. కూతురి కాన్పు కోసం ముదిగొండ వైపు పోయి, సంక్రాంతి దాటాక తిరిగొచ్చింది. ఆమె కన్నా ముందే కబురొచ్చింది. పుట్టిన పిల్లవాడు చిన్నత్త ఒడిలో ఉండగానే ఊపిరి వదిలాడట. కూతురి అత్తగారు ఆమెను గుమ్మం నుంచే పంపేశారట.

చిన్నత్త వచ్చి తండా మొదట్లో మూట దించింది. ఆడవాళ్ళం మిరపకాయలు ఆరబోస్తున్నాం. ఒక్కరూ లేవలేదు. తలలు వంచుకుని కాయలు తిరగేస్తున్నారు. నాకు చిర్రెత్తి లేచాను. మా అత్త నా చీర కొంగు పట్టుకుని లాగింది.

"నువ్ కూసో. పిలగాడు గామె ఒళ్ళనే పోయిండంట."

"మనుమడు సచ్చిన బాధల ఉన్నదత్తా, వదులు," అని కొంగు గుంజుకుని పోయాను.

కుడి వైపు మెడ వేశాం, ఎడమ వైపు వేశాం. చిన్నత్త చాలాసేపు ఏడ్చింది. ఆమె కన్నీళ్ళు నా మెడ మీంచి జాకెట్‌లోకి కారాయి. వెనక్కి తిరిగి చూస్తే అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

తెల్లారి లేచేసరికి నా మెడ కుడి వైపు నొప్పి.

మొదట దిండు సరిగా లేక పట్టేసిందనుకున్నాను. సాయంత్రానికి నొప్పి దవడలోకి, చెవిలోకి పాకింది. ఉమ్మి మింగితే ప్రాణం పోతోంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గొంతు ఇన్‌ఫెక్షన్ అని సూది వేశాడు, తగ్గలేదు. పంటి నొప్పి చెవికి లాగుతుందని ఎవరో అంటే పళ్ళ డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన కుడి వైపు దవడ పన్ను ఒకటి పీకేశాడు. రాయిలాంటి పన్ను, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. పన్ను పోయింది, నొప్పి అక్కడే ఉంది. దానికి తోడు గుండె దడ, చెమటలు, ఒళ్ళంతా వేడి. టికెట్ మిషన్ పట్టుకుంటే చేతులు వణికేవి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చివరికి సెలవు పెట్టి ఇంట్లో పడ్డాను.

భాను మెడకు వేలాడబోతే దూరం నెట్టేదాన్ని. ఆ పిల్ల గడపలో కూర్చుని నన్ను చూస్తుండేది. అది తలుచుకుంటే నొప్పి కన్నా ఎక్కువ బాధేసేది.

ఒక పొద్దున కుడి వైపు కాస్త తేలికైంది. బతికానురా దేవుడా అనుకునే లోపు ఎడమ వైపు మొదలైంది. అదే నొప్పి, అదే చెవి పోటు.

మా అత్త గిన్నె కింద పెట్టి నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఆమె మొహంలో రక్తం లేదు.

"ముందుగాల కుడి దిక్కు. తర్వాత ఎడమ దిక్కు," అంది మెల్లగా. "గామె మెడ ఏసినట్టే."

నేను నవ్వబోయాను. గొంతు నొప్పితో నవ్వు రాలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది, నా గురించి కాదు.

మా మాటలో డాకణ్ అంటారు. చేతబడి చేసే ఆడదని అర్థం. ఆ మాట పైకి అంటే ఇంట్లోకి వస్తుందని ఎవరూ పైకి అనరు. మా అత్త కూడా అనలేదు. అనకపోయినా మధ్యాహ్నానికి తండా అంతా పాకింది. డాకణ్ అని తేలితే ఏం చేస్తారో నా చిన్నప్పుడు మా పుట్టింటి తండాలో ఒక ముసలామె విషయంలో చూశాను. నోట్లో మంత్రం నిలవకూడదని పళ్ళు పీకుతారు. పటకారుతో పీకుతారు, సూదీ మందూ ఏమీ ఉండవు. ఆ ముసలామె తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు.

జైరాంను తిట్టి, బతిమాలి, ఖమ్మం బయల్దేరదీశాను. అక్కడ ఒక డాక్టరమ్మ మెడ ముందు భాగం మీద వేలు పెట్టి కొంచెం నొక్కింది, అంతే. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నెలా రెండు నెలల కింద జ్వరం, జలుబు ఏమైనా వచ్చాయా?" అని అడిగింది.

వచ్చాయన్నాను. ఇన్నాళ్ళలో ఆ ముక్క అడిగిన మనిషి ఆమె ఒక్కతే. రక్తం తీయించింది, మెడకు స్కానింగ్ చేయించింది. కాగితాలు చూసి జైరాంను కూడా లోపలికి పిలిచి చెప్పింది.

"మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. వైరస్ జ్వరం వచ్చిపోయాక కొందరికి అది వాచిపోతుంది. వాచినప్పుడు లోపల దాచుకున్న హార్మోన్ అంతా రక్తంలోకి కారుతుంది. ఈ దడ, వణుకు, బరువు తగ్గడం అందుకే. గొంతు ఇన్‌ఫెక్షనూ కాదు, పన్నూ కాదు, క్యాన్సరూ కాదు."

"మొదట కుడి వైపు ఉండె మేడమ్. ఇప్పుడు ఎడమ వైపుకొచ్చింది," అన్నాడు జైరాం.

"ఈ జబ్బుకు అది మామూలే. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పాకుతుంది."

నేను మొగుడి వైపు చూశాను. విన్నావా అన్నట్టు చూశాను.

డాక్టరమ్మ గోళీలు రాసింది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్, దడకు ఇంకో చిన్న గోళీ. "నొప్పి ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది. పోయింది కదా అని ఆపొద్దు. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. టక్కున ఆపేస్తే నొప్పి తిరగబడుతుంది, మనిషి కూడా పడిపోవచ్చు. వాపు పోయాక కొన్నాళ్ళు ఆ గ్రంథి నీరసపడుతుంది. ఒళ్ళు బరువుగా, మబ్బుగా ఉంటుంది. అప్పుడు మళ్ళీ రక్తం చూద్దాం. భయపడకమ్మా, ఎక్కువ మందికి దానంతట అదే తగ్గిపోయే జబ్బు ఇది."

ఆ చివరి మాట విని గుండె మీది బరువు దిగినట్టయింది. తిరుగు బస్సులో ఏన్కూరు దాటాక గానీ అందులోని ప్రమాదం నాకు వెలగలేదు. దానంతట అదే తగ్గే జబ్బు తగ్గినప్పుడు, ఎవరు ఏం చేసి ఉంటే వాళ్ళే తగ్గించినట్టు.

మేం దిగేసరికి లాలి చిన్నత్త తలుపుకు అడ్డంగా రేగు కంప వేసి ఉంది.

మేం ఊళ్ళో లేనప్పుడు మా అత్త భగత్ బిచ్యాను పిలిపించింది. మా దగ్గర దేవుడొచ్చి చెప్పేవాణ్ణి భగత్ అంటారు. బిచ్యా మిరప కళ్ళంలో దీపం పెట్టి, జొన్న గింజలు చల్లి చూశాడట. పేరు చెప్పలేదట. "మెడ మీద ఎక్కువ సేపు ఎవరు ఏడ్చిన్రో మీకే ఎరుక," అన్నాడట. ఎవరి తలుపు బయట కంప వేస్తే వాళ్ళలో ఉన్నది బయటికి రాలేదని మావాళ్ళ నమ్మకం. మన ఇంటి గుమ్మం లోపల వేసుకుంటే బయట ఉన్నది లోపలికి రాలేదు. చిన్నత్తకు నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు. మంగళవారం భవాని గద్దె ముందు పళ్ళు తీయాలి.

నేను ఆ వీధిలోనే నిలబడి అరిచాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. మా అత్త శాంతంగా విన్నది.

"నువ్ గోళీలు మింగు బిడ్డా, నేనొద్దన్ననా? మేం చేసేది మేం చేస్తం."

"రెండూ చేస్తే పోయేదేంది?" అన్నాడు జైరాం.

ఖమ్మంలో ఆ గదిలో నా పక్కనే కూర్చుని అంతా విన్న మనిషి! నాకు వాడి మీద వచ్చినంత కోపం బిచ్యా మీద కూడా రాలేదు. పోయేది లాలి చిన్నత్త, వాళ్ళకు అది కనబడలేదు, అంతే.

ఆ రాత్రి గోళీ మింగాను. తెల్లారి లేచాక ఉమ్మి మింగాను, నొప్పి లేదు. మెడ తిప్పాను, తిరిగింది. నేను మింగిన మందు నాకు తెలుసు, అయినా నాకే ఒక్క క్షణం చెమట పట్టింది. మా అత్త నా మొహం చూడగానే చేతులెత్తి భవానికి దండం పెట్టింది. వేడి రొట్టె, కోడిగుడ్డు కూర చేసి ముద్ద కలిపి నా నోట్లో పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు.

"కంప ఏసినం, నొప్పి పాయె. ఇంకేం సాక్ష్యం కావాలె నీకు?"

ఆ ముద్ద నాకు మింగుడు పడలేదు.

నాయక్ ధన్‌సింగ్ దగ్గరికి పోయాను. పెద్దమనిషి, కోర్టు కేసులకు తిరిగినవాడు, నాలుగు విషయాలు తెలిసినవాడు. మంచం వేసి కూర్చోబెట్టాడు, నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు.

"నువ్ చెప్పేది నిజమే కావొచ్చు సోనీ. కానీ నీ మెడ తగ్గింది గదమ్మా. నేను వద్దని ఆపి, రేపు ఎవల పిల్లకన్న ఏమన్నయితే నన్నే అడుగుతరు."

పోలీసులకు ఫోన్ చేద్దామని నంబరు కూడా తీశాను. జీపు వస్తుంది, అందరినీ కేకలేసి పోతుంది. జీపు పోయాక చిన్నత్త ఈ మనుషుల మధ్యే ఉండాలి. ఎక్కడికైనా పోతావా అని చిన్నత్తను, ఆమె కిటికీలోంచి నీళ్ళ సీసా అందిస్తూ అడిగాను. ఆమె సీసా తీసుకుని నా చెయ్యి వదలలేదు.

"యాడికి పోవాలె సోనీ? బిడ్డ ఇంట్ల ఉండనియ్యలే. ఈడనన్న నా మొగన్ని పూడ్చిన బొంద ఉన్నది."

ఆ మాట అనేటప్పుడు ఆమె పళ్ళు చూశాను. తమలపాకు తిని ఎర్రబడ్డాయి గానీ ఒక్కటీ ఊడలేదు. నా దవడలో ఖాళీ చోటు నాలుకకు తగిలి ఒళ్ళు జలదరించింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. గొప్ప తెలివైన ఆలోచన అనుకున్నాను. గోళీలు ఆపేస్తాను, నొప్పి తిరిగొస్తుంది. కంప తలుపుకు అడ్డం ఉండగానే నొప్పి వచ్చిందంటే ఆమెకూ దీనికీ సంబంధం లేదని గుడ్డివాడికి కూడా కనబడుతుంది. డాక్టరమ్మ ఆపొద్దన్నది నిజమే. కదులుతున్న బస్సులోంచి దిగొద్దని రోజూ అందరి మీదా అరిచేదాన్ని, నేనే దూకాను.

నొప్పి ఆదివారం తిరిగొచ్చింది. తిరగబడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. రెండు వైపులా ఒకేసారి, ఎవరో వేళ్ళు లోపలికి దింపి పిసికినట్టు. మంచం దిగబోయి కళ్ళు తిరిగి పడ్డాను. భాను కేక పెట్టింది. మా అత్త పరుగెత్తుకొచ్చి నా తల ఒడిలో పెట్టుకుంది.

"చూడత్తా," అన్నాను, ఊపిరి కూడదీసుకుని. "కంప అట్లనే ఉన్నది. అయినా వచ్చింది. గోళీలు ఆపితే వచ్చింది. గిప్పుడన్న నమ్ము."

మా అత్త నా నుదురు తుడుస్తూ జైరాం వైపు తిరిగింది.

"కంప ఆగుతలేదు దానికి. కంప దాటి వచ్చింది. మంగళారం దాక ఆగొద్దు. ఇయ్యాల్నే పిలువు అందర్ని."

నేను అందించిన తాడే అది.

మధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉండగా డప్పు మోగింది. మంచం మీంచి వింటున్నాను. జైరాం లోపలికొచ్చి తన సామాను పెట్టె తెరిచి పటకారు తీశాడు. ట్రాక్టర్ బోల్టులు పట్టే పటకారు అది. గుడ్డతో తుడిచాడు. నా వైపు చూడకుండా పోయాడు.

నేను గోడ పట్టుకుని లేచాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. టేకు ఆకులు కాళ్ళ కింద పెళపెళమంటుంటే గద్దె దాకా ఎట్లా పోయానో నాకే తెలియదు. భవాని గద్దె ముందు అందరూ గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో లాలి చిన్నత్త నేల మీద కూర్చుని ఉంది. ఎవరూ ఆమెను పట్టుకోలేదు. ఆమె పారిపోవడం లేదు. బిచ్యా వేపమండతో నిలబడ్డాడు. నా మొగుడు పటకారు వాడి చేతికి ఇవ్వబోతున్నాడు.

గొంతెత్తి అరవడానికి నాకు గొంతు లేదు. కొట్టడానికి చేతుల్లో బలం లేదు. నేను వాళ్ళ మధ్యలోంచి పోయి, చిన్నత్త ముందు కూలబడి, నా మెడ ఆమె మెడ మీద వేశాను. కుడి వైపు.

ఆ నొప్పి ఎట్లా ఉందో చెప్పలేను. కళ్ళ ముందు ఎండ నల్లబడింది. ఆ నొప్పిలోంచే రాగం లేచింది. చిన్నత్త ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత ఆమె చేతులు నా వీపు మీదికొచ్చాయి. ఆమె కూడా రాగం అందుకుంది.

డప్పు ఆగిపోయింది. బిచ్యా ఒక అడుగు ముందుకేశాడు. ధన్‌సింగ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఏడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళను విడదీసే మగవాడు మా తండాలో పుట్టలేదు.

నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. డాక్టరమ్మ చెప్పిందంతా రాగంలో పెట్టి ఏడ్చాను.

"బస్సుల దగ్గిన్రే చిన్నత్తా, నాకు జరమొచ్చెనే… జరం పోయినంక గొంతుల గడ్డ వాచెనే… నీ బిడ్డ బిడ్డ సచ్చిన బాధ నువ్ జెప్పుకుంటివే, నా మెడ తడిసెనే… ఎడమకు పాకుడు దాని గుణమంటనే… గోళీ మింగితే పాయెనే, గోళీ ఆపితే వచ్చెనే, నేనే ఆపితినే నా చిన్నత్తా…"

ఎండ జారింది. మెడ ఎడమ వైపుకు మార్చాను. పిల్లలు నీడకు పోయారు. నిలబడినవాళ్ళు కూర్చున్నారు. ముసలివాళ్ళలో ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా గొంతు పూర్తిగా పోయి గాలి మాత్రమే వస్తోంది.

"జైరామూ…" అని ఆ రాగంలోనే పిలిచాను. "నా గోళీలు తేరా… అందరి ముందల మింగుతనే… నా మెడ మీద చిన్నత్త చేతులుండంగనే మింగుతనే… గామె పక్కన్నే పండుకుంటనే… రేపు నొప్పి పోతే దొంగెవరో చెప్పున్రే…"

జైరాం కదల్లేదు. ధన్‌సింగ్ వాడి చేతిలో పటకారు చూసి, "పోరా, తే," అన్నాడు.

అందరూ చూస్తుండగా గోళీ మింగాను. ధన్‌సింగ్ లేచి కండువా దులిపాడు. "రేపటిదాక చూద్దాం. కంప తియ్యిన్రి. ఆమె సోని దగ్గర్నే ఉంటది," అన్నాడు. బిచ్యా వేపమండ కింద పడేశాడు.

ఆ రాత్రి చిన్నత్త నా మంచం పక్కనే పడుకుంది. మర్నాడు డాక్టరమ్మకు ఫోన్ చేసి తిట్లు తిన్నాను. ఆపిన దగ్గరి నుంచి మళ్ళీ మొదలుపెట్టమంది. సాయంత్రానికి నొప్పి సగం పోయింది, ఆ మర్నాటికి పూర్తిగా పోయింది. ధన్‌సింగ్ వచ్చి నన్ను మెడ అటూ ఇటూ తిప్పి చూపించమన్నాడు. చూపించాను. చిన్నత్త మీద ఏ మాటా లేదని, ఆమె ఇంటికి నిప్పూ నీళ్ళూ ఇవ్వొచ్చని అందరి ముందూ చెప్పాడు. నేను గెలిచాననుకున్నాను.

బిచ్యా పోతూ పోతూ మా ఇంటి ముందు ఆగాడు. మా అత్తతో మెల్లగా అన్నాడు.

"లాలిల లేదు, ఒప్పుకుంటున్న. మెడ మీద మెడ ఏసుకొని గంతసేపు ఏడ్చిన్రు గద. ఆమెను ఇడిసింది. ఇడిసిపెట్టింది యాడికి పోయిందో సూస్కో కమ్లీ."

నేను వాడిని నాలుగు తిట్టి పంపాను. మా అత్త లోపలికి పోయింది.

గోళీలు డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాను. ఇప్పపూలు రాలే రోజులకు మందు పూర్తిగా ఆగింది. ఆమె అన్నట్టే ఆ తర్వాత కొన్నాళ్ళు ఒళ్ళు బరువు, ఎప్పుడూ నిద్ర, ఎండాకాలంలో కూడా చలి. మెట్ల మీద కూర్చుని అడవి వైపు చూస్తూ ఉండిపోయేదాన్ని. నేనట్లా మాటా పలుకూ లేకుండా కూర్చోవడం తండాలో ఎవరూ అంతకు ముందు చూడలేదు. చూసినవాళ్ళు దారి మార్చుకుని పోయేవాళ్ళు. నేను గమనించలేదు, మబ్బులో ఉన్నాను. తర్వాత అదీ తేరుకుంది. రక్తం చూసి, గ్రంథి మామూలుకు వస్తోందని డాక్టరమ్మ చెప్పింది. డ్యూటీ ఎక్కాను. నా గొంతు మళ్ళీ బస్సు చివరిదాకా వినబడుతోంది.

వానలు మొదలయ్యాక పక్క ఇంట్లో ముసలాయన చనిపోయాడు. ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు వచ్చారు. వరసగా మెడ మీద మెడ వేసి ఏడుస్తున్నారు. నేను డ్యూటీ దిగి ఖాకీ చీరతోనే పోయాను. ఒకామె ముందుకు చేతులు చాచాను. ఆమె చెప్పు సరిచేసుకుంటూ పక్కకు వంగింది. ఇంకొకామె నీళ్ళకని లేచింది. లాలి చిన్నత్త ఒక్కతే వచ్చి నా మెడ మీద మెడ వేసింది. ఆమె మెడ నా చెవి కింద వణుకుతోంది.

"నువ్ ఏడ్వకు సోనీ," అంది, రాగం లేకుండా. "నాతోని ఏడ్వకు."

మొన్న భానుకు బడిలో జలుబు తగిలింది. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు నుదురు చూస్తే కొంచెం వేడిగా ఉంది. గోళీ వేసి, సాయంత్రం జల్దీ వస్తానని చెప్పి పోయాను. వచ్చేసరికి ఇంకా వెలుగుంది. మా తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద కాలు పెట్టబోయి ఆగాను.

గడపకు లోపలి వైపు రేగు కంప వేసి ఉంది.

కంప అవతల మంచం మీద భాను కూర్చుని ఉంది. మెడకు గుడ్డ చుట్టారు. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తింది. మా అత్త ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. జైరాం గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"పిల్లకు గొంతు నొస్తుందంట," అంది మా అత్త. ఆమె ఏడుస్తోంది. "నువ్ ఈ పూట బయట్నే ఉండు బిడ్డా."